తెర మీద నొక్కితే బల్బు ఎలా వెలుగుతుంది?

రామసముద్రం వైపు టమాటా తోటల్లో బోరు మోటారుకు స్టార్టర్ పెట్టె చూసే ఉంటారు. పచ్చ బటన్ నొక్కితే మోటారు తిరుగుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. అలాంటి బటన్లనే కంప్యూటర్ తెర మీద గీస్తే? అవి ఉత్త బొమ్మలు, వాటికి తీగ ఉండదు. మరి వాటిని నొక్కితే, బల్ల మీది ఆర్డుయినో ఊనో అనే ఎలక్ట్రానిక్ బోర్డులో చిన్న బల్బు ఎలా వెలుగుతుంది?

మౌస్ నొక్కగానే కంప్యూటర్‌లోని ప్రోగ్రాం ఒక్క అక్షరం పంపుతుంది. ఇంగ్లీషు పెద్ద 'ఎ' అనుకుందాం. యంత్రాలకు అది 65, అంటే 01000001. యూఎస్‌బీ తీగ గుండా బోర్డు చేరాక, అక్కడి చిన్న చిప్ దాన్ని ఒక్కో బిట్‌గా, బోర్డుకు మెదడులాంటి మైక్రోకంట్రోలర్‌కు అందిస్తుంది. ముందు 'మొదలు' బిట్, వెనక 'అయిపోయింది' బిట్, మొత్తం పది. వేగం సెకనుకు 9600 బిట్లయితే, 960 అక్షరాలన్నమాట! వినేవైపు వేరే వేగం పెట్టారో, అంతా గజిబిజి.

మైక్రోకంట్రోలర్ పని "అక్షరం వచ్చిందా?" అని చూస్తూ ఉండటమే. 65 రాగానే, బల్బు ఉన్న 13వ పిన్‌కు 5 వోల్టులు ఇస్తుంది. బల్బు వెలుగుతుంది.

"వెలిగించాను" అని బోర్డు తిరిగి జవాబు పంపాకే తెర మీది బటన్ రంగు మారాలి. లేకపోతే తీగ ఊడినా తెర 'ఆన్' అనే చూపిస్తుంది!

బోరు మోటారుకు ఈ 5 వోల్టులు ఏ మూలకూ చాలవు. మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్, కావాలి. ఆ మోటారు కరెంటు జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు.