కుట్లు విప్పారు సరే, బిందె ఎప్పుడు ఎత్తాలి?

కుట్లు విప్పించుకుని ఇంటికొచ్చిన మర్నాటి నుంచే ఇంట్లో లెక్క మారిపోతుంది. అప్పటిదాకా "నువ్వు లేవకు, నేను చూసుకుంటా"నన్న అమ్మ తన ఊరికి బయల్దేరుతుంది. భర్త పనిలోకి వెళ్లిపోతాడు. పంపు దగ్గర బిందెలు, బకెట్లో నానబెట్టిన బట్టలు మళ్లీ ఆమె వంతుకే వస్తాయి. గర్భసంచి ఆపరేషన్ అయిన మనిషికి సాయం ఎక్కువగా కావలసిన రోజులు ఆసుపత్రిలో గడిచేవి కావు, ఇవే!

మన రెండు రాష్ట్రాల్లో ఈ మాట ఎన్నో ఇళ్లకు సంబంధించినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతానికి పైన. వీటిలో అనవసరంగా చేసినవి ఎన్ని అన్నది వేరే పెద్ద చర్చ. అలాంటి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించింది కూడా. ఆ చర్చ ఎటు తేలినా, ఆపరేషన్ అయిపోయిన మనిషి మాత్రం రేపు పనిలోకి వెళ్లాలి. ఆమె గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

పొట్ట మీద కోత పెట్టి చేసే ఆపరేషన్లో డాక్టరు ఒక్క చర్మాన్నే కోయరు. దాని కింద కొవ్వు, ఆ కింద పొట్ట కండరాలను పట్టి ఉంచే గట్టి పొర, ఇంకా లోపల పేగుల చుట్టూ ఉండే పలుచటి పొర ఉంటాయి. చర్మం వారం పది రోజుల్లో అతుక్కుంటుంది, మనకు కనిపించేది అదే. కానీ మూడో వారానికి కూడా గాయపు చోటు బలం మామూలు చర్మంలో పావు వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. మూడు నెలలకు అది 80 శాతం దాకా చేరుతుంది. కింది గట్టి పొర బలపడటానికీ నెలలే పడుతుంది. గర్భసంచితో పాటు దాని ముఖద్వారం కూడా తీసేసినప్పుడు యోని పైభాగాన్ని కుట్టి మూసేస్తారు. ఆ కుట్టు ఎవరి కంటికీ కనబడదు. కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు భార్యాభర్తలు కలవకూడదని చెప్పేది అది మానడం కోసమే. ఈ సంగతి భార్య ఒక్కదానికే చెప్పి పంపిస్తే సరిపోదు, భర్తను కూడా కూర్చోబెట్టి చెప్పాలి.

ల్యాప్రోస్కోపీ చేయించుకున్నవారి మీద ఇంట్లో ఒత్తిడి ఇంకా ఎక్కువ. "చిన్న చిన్న రంధ్రాలే కదా" అంటారు. కింది నుంచి తీస్తే ఆ రంధ్రాలు కూడా ఉండవు. పైన కోత తగ్గిన మాట నిజం, నొప్పి తగ్గుతుంది, త్వరగా ఇంటికి పంపుతారు. లోపల తెంచింది, కుట్టింది మాత్రం దాదాపు అంతే. అందుకే ల్యాప్రోస్కోపీ అయినవారు మామూలు పనికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, పొట్ట కోసినవారికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చని సాధారణంగా చెబుతారు. కూర్చుని చేసే తేలిక పని అయితే కొందరు ఇంకాస్త ముందే మొదలుపెట్టగలరు.

ఈ వారాల లెక్క ఒక్కటే చూసుకుంటే మాత్రం పొరపాటే. ఏ పనికి వెళ్తోంది అన్నది అంతకన్నా ముఖ్యం. పదిహేను లీటర్ల బిందె అంటే పదిహేను కిలోల బరువు. వంటగ్యాస్ సిలిండర్లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్పై కిలోల దగ్గరికి వస్తుంది. మొదటి ఆరు వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదన్న మనిషికి వీటిలో ఏదీ చిన్న పని కాదు. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబడతాం. పొట్టలో ఒత్తిడి పెరిగి కొత్త కుట్ల మీద, కటి అడుగున గర్భసంచిని, మూత్రాశయాన్ని మోసే కండరాల మీద పడుతుంది. గర్భసంచి జారినందుకు ఆపరేషన్ చేయించుకున్నవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. బలహీనపడ్డ ఆ కండరాలు ఆపరేషన్‌తో కొత్తవి అయిపోవు. మూడు నెలల దాకా బరువుల జోలికి వెళ్లకపోవడం మంచిది.

వరినాట్లకు పూటంతా వంగి ఉండాలి. మిరపకోతలో వంగి ముందుకు జరుగుతూ బస్తా ఈడ్చాలి. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే అక్కాచెల్లెళ్లు చాట ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి ఒకే బాసిపట్టులో కూర్చుంటారు. అది బరువు పని కాదు, నిజమే. కానీ కదలకుండా కూర్చోవడం వల్ల కాళ్లలో రక్తప్రసరణ మందగిస్తుంది, కోత చోటు మడతపడి నొక్కుకుంటుంది. గంటకోసారి లేచి నాలుగడుగులు వేసేలా చూసుకుంటే వాళ్లు నాట్లేసేవాళ్లకన్నా ముందే పని అందుకోగలరు. బట్టల దుకాణంలో రోజంతా నిలబడేవారికి ఒక స్టూలు దొరికితే ఎంతో తేడా వస్తుంది. టీచరమ్మకు మేడ మీది తరగతులు కాస్త కింది గదుల్లోకి మారిస్తే చాలు. స్కూటీ విషయానికొస్తే, నొప్పి లేకుండా ఒక్కసారిగా బ్రేకు వేసి కాలు నేల మీద మోపగలిగితేనే తీయాలి.

అలాగని మంచానికి అతుక్కుపోవడమూ మంచిది కాదు. పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఆపరేషన్ మర్నాడే లేపి నడిపించేది అందుకే. మంచం మీంచి లేచేటప్పుడు పక్కకు తిరిగి, చేత్తో ఆనుకుని లేవాలి. దగ్గు వస్తే పొట్టకు దిండు ఆనించుకోవాలి.

పథ్యం సంగతి కూడా చెప్పాలి. పప్పు తింటే కుట్లు చీము పడతాయని, నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని మనవాళ్లు ప్రేమతోనే కట్టడి చేస్తారు. జరిగేది మాత్రం కీడు. గాయం మానడానికి పప్పు, గుడ్డు, పాలు, చేపలే కావాలి. నీళ్లు, ఆకుకూరలు తగ్గితే మలబద్ధకం వస్తుంది. ముక్కడం బిందె ఎత్తడం కన్నా ఏమీ తక్కువది కాదు.

ఆరు వారాలు దాటినా నీరసం పోలేదని చాలామంది దిగులుపడతారు. గర్భసంచిలో గడ్డల వల్ల ఏళ్ల తరబడి అధిక రక్తస్రావమై, రక్తం తక్కువగానే ఆపరేషన్ బల్ల ఎక్కినవారు వీళ్లలో ఎక్కువ. గర్భసంచి తీసేసినంత మాత్రాన పోయిన ఇనుము తిరిగి రాదు. ఇనుము మాత్రలు నెలల పాటు, టీ, పాలతో కలపకుండా వాడాలి. అండాశయాలు కూడా తీసేస్తే సమస్య వేరు. రోజుల్లోనే ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి, తర్వాతి ఏళ్లలో ఎముకలు పలచబడతాయి. నలభై ఐదేళ్ల లోపువారు హార్మోన్ల మందుల గురించి డాక్టరును అడిగి తీరాలి. తమ అండాశయాలు ఉన్నాయో లేదో తెలియని స్త్రీలు ఎందరో ఉన్నారు. డిశ్చార్జి కాగితం మీద అది రాసి ఉంటుంది. ఆ కాగితాన్నీ, తీసిన భాగానికి చేసిన బయాప్సీ రిపోర్టునూ జాగ్రత్తగా దాచుకోవాలి.

జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, గంటకో ప్యాడు తడిసేంత రక్తం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా కారిపోవడం, ఒక పిక్క వాచి నొప్పెట్టడం, ఆయాసం... వీటిలో ఏది కనిపించినా కబురు చేసి ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సెలవు దగ్గర మన సమాజపు హెచ్చుతగ్గులు బయటపడతాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన ఉత్తర్వు గర్భసంచి తీయించుకున్న ప్రభుత్వ ఉద్యోగినులకు 45 రోజుల ప్రత్యేక సెలవు ఇచ్చింది. నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో ఈఎస్‌ఐ కిందకు వచ్చేవారికి, చందా షరతులు నెరవేరితే, అనారోగ్య సెలవులో జీతంలో 70 శాతం ఏడాదికి 91 రోజుల దాకా అందుతుంది. ఫ్యాక్టరీల్లో పనిచేసే చాలామంది అక్కలు ఈ సంగతి తెలియక జీతం లేని సెలవు పెట్టి, డబ్బు చాలక మూడో వారంలోనే తిరిగి వస్తున్నారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు "పనికి రావచ్చు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోకుండా, ఎన్ని కిలోలు ఎత్తవచ్చో, ఎన్ని గంటలు నిలబడవచ్చో రాయమని డాక్టరును అడగాలి. సూపర్‌వైజరు ముందు ఆ రాత ఉన్నంత బలం మనం నోటితో చెప్పే మాటకు ఉండదు.

కూలికి వెళ్లేవారికీ, నాలుగిళ్లలో పనిచేసేవారికీ ఈ సెలవులేవీ లేవు. ఉండాలని గట్టిగా అడగవలసిందే. అంతవరకు వాళ్ల చేతిలో ఉన్నది ఒకటే, తేదీ. క్యాన్సరు, ఆగని రక్తస్రావం లాంటివి తప్ప గడ్డలకూ, జారిన గర్భసంచికీ చేసే ఆపరేషన్లు చాలావరకు కొన్ని వారాలు ఆగగలవు. డాక్టరు ఒప్పుకుంటే నాట్లు, కోతలు అయిపోయాక, పిల్లల సెలవుల్లో, నీళ్లు మోసేవాళ్లు ఇంట్లో ఉండే నెలలో పెట్టించుకోవచ్చు. ఈలోగా ఇనుము మాత్రలు వాడి రక్తం పెంచుకోవడానికీ, నెలన్నర తిండిగింజలు సమకూర్చుకోవడానికీ, బిందె ఎవరు ఎత్తాలో ఇంట్లో ముందే తేల్చుకోవడానికీ వ్యవధి దొరుకుతుంది.