బొమ్మ కోసం కొన్న తిండి

మన పిల్లలు కొట్టుకు వెళ్ళి ఈ రోజుల్లో బిస్కెట్ ఇమ్మని అడగడం లేదు, చాక్లెట్ ఇమ్మని అడగడం లేదు. టీవీలో చూసిన బొమ్మ పేరు చెప్పి, అది ఉన్న ప్యాకెట్ ఇమ్మంటున్నారు. లోపల ఉన్నది తీపో కారమో వారికి పట్టదు. దానితో పాటు వచ్చే స్టిక్కరు, కార్డు, ప్లాస్టిక్ బిళ్ళ ఏదైతే ఉందో అదే వారికి కావాలి. ఈద్ నాడు నానీ, దాదీ, మామూలు ప్రేమతో చేతిలో పెట్టిన ఈదీ డబ్బులు సాయంత్రానికల్లా ఈ ప్యాకెట్ల పాలవుతున్నాయి. "చిన్నపిల్లలు, ఏదో సరదా!" అని పెద్దలు నవ్వి ఊరుకుంటున్నారు.

పిల్లల సరదాను ఇస్లాం కాదనలేదు. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మల్లో రెక్కలున్న గుర్రం ఒకటి ఉండేదని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (సఅసం) అడిగితే, సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని వినలేదా అని ఆమె బదులు చెప్పారు. ఆయన మనసారా నవ్వారు. ఊహలో పుట్టిన జంతువుతో ఆడుకుంటున్న చిన్నారి మాటకు ప్రవక్త నవ్వారు తప్ప కసరలేదు. కాబట్టి మేము ఈ వ్యాసం బొమ్మల మీద కోపంతో రాయడం లేదు. మా ప్రశ్న వేరు. ఆ ప్యాకెట్‌కు మనం డబ్బు ఇస్తున్నది తిండి కోసమా, తిండి చాటున దాగిన అదృష్టం కోసమా?

పోకెమాన్ బజారు

పోకెమాన్ సంగతి తీసుకుందాం. 1996 ఫిబ్రవరిలో జపానులో ఇది ఒక వీడియో ఆటగా పుట్టింది. జేబులో పట్టే రాక్షసులు అని పేరుకు అర్థం. అదే ఏడాది చివర్లో ఆట కార్డులు, 1997 ఏప్రిల్‌లో టీవీ సీరియల్ వచ్చాయి. పికాచూ అనే పసుపుపచ్చని బొమ్మను ఎరగని పిల్లవాడు ఇప్పుడు అరుదు. ఆటతో మొదలైన వ్యాపారం త్వరలోనే వంటింట్లోకి నడిచింది. 1998 నుంచి జపానులో పోకెమాన్ రొట్టెలు స్టిక్కర్లతో అమ్ముతున్నారు. పోకెమాన్ కూర ప్యాకెట్లు, అన్నం మీద చల్లుకునే పొడులు కూడా ఉన్నాయి. అమెరికాలో 2000లో కెల్లాగ్స్ కంపెనీ పోకెమాన్ పేరుతో ఉదయం పాలలో వేసుకునే ఫలహారం తెచ్చింది. 2021లో ఓరియో బిస్కెట్ల మీద 16 రకాల పోకెమాన్ బొమ్మలు అచ్చువేసి, వాటిలో కొన్నిటిని కావాలనే తక్కువగా కలిపారు. మన దేశంలోనూ చిప్స్ ప్యాకెట్లలో పోకెమాన్ టాజోలు వచ్చిన రోజులున్నాయి. అప్పుడు వాటిని కూడబెట్టిన పిల్లలే ఇప్పుడు అమ్మానాన్నలై తమ పిల్లలకు ప్యాకెట్లు కొంటున్నారు.

"కొన్నిటిని తక్కువగా కలిపారు" అన్న మాటను పాఠకులు గమనించాలి. అసలు కిటుకు అక్కడే ఉంది. అన్ని బొమ్మలూ సమానంగా దొరికితే పిల్లవాడు నాలుగు ప్యాకెట్లతో ఆగిపోతాడు. ఒకటి మాత్రం దొరకకుండా చేస్తే నలభై కొంటాడు.

రొట్టె పారేసి స్టిక్కరు దాచుకున్నారు

ఈ ఎత్తుగడ పోకెమాన్ కన్నా పాతది. 1971లో జపానులో కామెన్ రైడర్ అనే టీవీ వీరుడి పేరుతో 20 యెన్‌ల చిరుతిండి వచ్చింది. దానితో ఒక కార్డు ఇచ్చేవారు. పిల్లలు కార్డు తీసుకుని తిండిని పారేయడం మొదలుపెట్టారు. అది ఆ దేశమంతటా చర్చకు వచ్చింది. తరువాత 1980లలో బిక్కురిమాన్ అనే చాక్లెట్ స్టిక్కర్లకు అదే పిచ్చి పట్టింది. అరుదైన స్టిక్కర్ల ఆశ చూపి పిల్లలచేత అదేపనిగా కొనిపిస్తున్నారని 1988లో ప్రభుత్వ వాణిజ్య కమిషనే కలుగజేసుకోవలసి వచ్చింది.

దక్షిణ కొరియాలో 2022 ఫిబ్రవరిలో పోకెమాన్ రొట్టెను మళ్ళీ విడుదల చేశారు. ఒక్కో రొట్టెలో ఒక స్టిక్కరు, మొత్తం 159 రకాలు. రొట్టె ధర 1,500 వాన్‌లు. పెద్దవాళ్ళు సైతం దుకాణాల ముందు బారులు తీరారు. అరుదైన స్టిక్కర్లను రొట్టె ధరకు ఎన్నో రెట్లకు మారుబేరం చేశారు. ఇక 2025 ఆగస్టులో జపానులోని మెక్‌డొనాల్డ్స్ వారు పిల్లల భోజనంతో పోకెమాన్ కార్డులు ఇచ్చినప్పుడు జరిగింది మరీ ఘోరం. కార్డుల కోసం జనం కట్టలు కట్టలుగా భోజనాలు కొని, కార్డులు తీసుకుని, ముట్టని తిండిని సంచులతో సహా వీధుల్లో వదిలి వెళ్ళారు. కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంది.

ఇది పరాయి దేశపు వింత అనుకుని తేలిగ్గా తీసుకోవద్దు. మన బడుల దగ్గర, మసీదు మెట్ల దగ్గర చూడండి. సగం తిన్న ప్యాకెట్లు, చీమలు పట్టిన చిప్స్ ఎన్ని పడి ఉంటాయో! తినడంలో, తాగడంలో హద్దు మీరవద్దని దివ్య ఖుర్ఆన్ అల్ అఅరాఫ్ సూరాలో ఆదేశించింది. దుబారా చేసేవారు షైతాను సోదరులని బనీ ఇస్రాయీల్ సూరా హెచ్చరించింది. చేతిలోంచి జారిపడిన ముద్దను కూడా మట్టి దులిపి తినాలని, షైతానుకు వదలవద్దని దైవప్రవక్త (సఅసం) నేర్పినట్టు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం సహీ ముస్లింలో ఉంది. జారిన ముద్దకే అంత విలువ ఇచ్చిన ఉమ్మత్‌లో పుట్టిన బిడ్డ, బొమ్మ తీసుకుని తిండిని మురికి కాలువలో పడేయడం నేర్చుకుంటున్నాడు. అయిదు రూపాయల నష్టం పెద్దది కాదు. రిజ్‌ఖ్ పట్ల గౌరవం చిన్ననాడే పోవడం పెద్ద నష్టం.

పుకారు వేరు, ధర్మం వేరు

పోకెమాన్ మీద మన సమాజంలో చాలా మాటలు ప్రచారంలోకి వచ్చాయి. ఆ పేరుకు "నేను యూదుణ్ణి" అని అర్థమని 2001 ప్రాంతంలో అరబ్ దేశాల్లో పుకారు పుట్టి చేతి కాగితాల మీద తిరిగింది. అది పూర్తిగా నిరాధారం. పేరుకు అసలు అర్థం పైన చెప్పాం. ఎవరైనా ఒక వార్త తెస్తే నిజానిజాలు తేల్చుకోమని హుజురాత్ సూరా మనకు చెబుతోంది. అబద్ధాన్ని ఆధారం చేసుకుని పిల్లలకు ధర్మం బోధిస్తే, రేపు ఆ అబద్ధం బయటపడిన రోజున వారు ధర్మాన్ని కూడా అనుమానిస్తారు.

అయితే 2001 మార్చిలో సౌదీ అరేబియా ఉలమాలు పోకెమాన్ ఆటను, కార్డులను నిషేధిస్తూ ఇచ్చిన ఫత్వాలో చెప్పిన కారణాల్లో ఒకటి తీవ్రంగా ఆలోచించదగ్గది. కార్డుల పందెం జూదాన్ని పోలి ఉందన్నదే అది. దీన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద గ్రంథాలు తిరగేయనక్కరలేదు. ఏమి వస్తుందో తెలియని సరుకు అమ్మకాన్ని, అంటే గరర్‌ను, దైవప్రవక్త (సఅసం) నిషేధించారని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. మద్యంతో పాటు జూదాన్ని కూడా షైతాను పనిగా మాయిదా సూరా ప్రకటించింది.

మరి ప్యాకెట్‌లో బహుమతి ఉన్న ప్రతి తినుబండారం నిషిద్ధమా? అలా అనలేం. ఉలమాలు ఇక్కడ ఒక గీత గీశారు. వస్తువు మామూలు ధరకే అమ్ముతూ, కొనేవాడు దాన్ని తినడానికే కొంటే, లోపలి బొమ్మ కానుక కిందికి వస్తుంది. అందులో దోషం లేదు. బొమ్మ కోసం ధర పెంచినా, తినే ఉద్దేశం లేకుండా బొమ్మ వస్తుందేమో అన్న ఆశతోనే కొన్నా, అది జూదం వాకిట నిలబడటమే. డబ్బు తప్పక పోతుంది, కోరినది వస్తుందో రాదో తెలియదు. జూదంలో ఉండేదీ ఇదే కదా!

పిల్లలు ఆడే ఆటలోనూ ఈ తేడా ఉంది. టాజోలు పేర్చి కొట్టి, ఆట అయ్యాక ఎవరివి వారు తీసుకుంటే అది ఆట. ఓడినవాడి టాజోలు గెలిచినవాడు జేబులో వేసుకుంటే అది జువా. గోలీలాటలో మన పెద్దలు చెప్పిన మాటే ఇది. నేడు గోలీ స్థానంలో బిళ్ళ వచ్చింది, అంతే.

ప్రాణం మీదికి తెచ్చిన బొమ్మలు

ఇంకొక సంగతి తల్లులు తప్పక తెలుసుకోవాలి. 1999 చివర్లో అమెరికాలో బర్గర్ కింగ్ హోటళ్ళు పిల్లల భోజనంతో పోకెమాన్ బంతులు ఇచ్చాయి. బంతి రెండు చిప్పలుగా విడిపోతుంది. కాలిఫోర్నియాలో 13 నెలల పాప ముక్కుకు, నోటికి ఒక చిప్ప అతుక్కుని ఊపిరాడక మరణించింది. ఆ డిసెంబరులో రెండున్నర కోట్లకు పైగా బంతులను వెనక్కు రప్పించారు. అయినా 2000 జనవరిలో మరో పసివాడు అలాగే చనిపోయాడు. మన ఏలూరులోనే 2017 నవంబరులో చిరుతిండి ప్యాకెట్‌లో వచ్చిన ప్లాస్టిక్ బొమ్మ గొంతుకు అడ్డుపడి నాలుగేళ్ళ బాబు ప్రాణం పోయింది. తిండిలో కలిసి ఉన్న వస్తువును పసివాడు తిండే అనుకుంటాడు. అందుకే అమెరికాలో మిఠాయి లోపల తినరాని వస్తువు దాచి అమ్మడాన్ని 1938 నాటి చట్టమే నిషేధించింది. చిలీ దేశం 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన తినుబండారాల మీద పిల్లల బొమ్మలు వేయడాన్ని, వాటితో ఆటవస్తువులు ఇవ్వడాన్ని మానిపించింది. మన దేశంలో 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి తిండిని బడి గేటుకు 50 మీటర్ల లోపల అమ్మకూడదు. ఆ నిబంధన మన వీధి బడి దగ్గర అమలవుతోందో లేదో చూడవలసింది తల్లిదండ్రులే.

లోపల ఏముంది?

బొమ్మ మాయలో పడి మరచిపోతున్న అసలు ప్రశ్న ఇది. నమిలితే సాగే జెల్లీ మిఠాయిల్లో, మెత్తని మార్ష్‌మెలోల్లో చాలావాటికి జెలటిన్ వాడతారు. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. పంది నుంచి తీసినది కూడా బజారులో ఉంది. కొన్ని ఎర్రని మిఠాయిలకు వాడే కార్మైన్ రంగు పురుగుల నుంచి వస్తుంది. దాన్ని 120 అంకెతో సూచిస్తారు. మన దేశంలో తయారైన ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే జెలటిన్ భయం లేదు. అయితే గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి సెలవులకు వచ్చే బంధువులు ప్రేమతో తెచ్చే రంగురంగుల డబ్బాల మీద ఆ చుక్క ఉండదు. అక్కడ హలాల్ ముద్ర ఉందా, జెలటిన్ దేని నుంచి తీశారో రాశారా అని చదవాలి. తేలకపోతే పక్కన పెట్టాలి. హలాల్ స్పష్టం, హరామ్ స్పష్టం, మధ్యలో ఉన్న అనుమానాస్పద విషయాలకు దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్ని కాపాడుకున్నాడని నుఅమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన హదీసు సారాంశం.

"పసివాడికేం తెలుసు, తిననివ్వండి" అనేవారు హజ్రత్ హసన్ (రజి) సంఘటన గుర్తుచేసుకోవాలి. ఆయన చిన్నతనంలో సదఖా ఖర్జూరాల్లోంచి ఒకటి తీసి నోట్లో వేసుకున్నారు. ప్రవక్త కుటుంబానికి సదఖా ధర్మసమ్మతం కాదు. తాతగారు వెంటనే దాన్ని ఉమ్మివేయించారు, ఎందుకో కూడా చెప్పారు. ప్రాణంలా ప్రేమించిన మనవడు! నోట్లోకి వెళ్ళేదాని గురించి అడగడం ఆ వయసులోనే నేర్పాలన్నది ఇందులోని పాఠం.

మనం చేయవలసింది

ఒక్కసారిగా అన్నీ మానిపించాలని చూస్తే పిల్లలు చాటుగా కొంటారు. అందుకని మేము కొన్ని తేలిక పద్ధతులు సూచిస్తున్నాం. కొట్టు దగ్గర పిల్లవాణ్ణి, "బేటా, బొమ్మ లేకపోతే ఇది తింటావా?" అని అడగండి. తింటానంటే కొనండి. తిననంటే ఆ డబ్బు దాచి, నెల చివర వాడు కోరిన బొమ్మనే చూసి, ధర తెలిసి, నేరుగా కొనివ్వండి. అందులో అదృష్టం లేదు, మోసం లేదు, తిండి పారేయడం లేదు. ప్యాకెట్ కొన్న రోజున ముందు బొమ్మను పెద్దలు బయటకు తీయాలి. తిన్న తరువాతే ఇవ్వాలి. మూడేళ్ళలోపు పసివాళ్ళకు ఆ చిన్న ముక్కలు అసలే ఇవ్వరాదు. చదవడం వచ్చిన పిల్లలచేత ప్యాకెట్ వెనుక రాసింది చదివించండి. చుక్క రంగు చూడటం వారికే ఒక ఆటగా మారుతుంది. ఇంట్లో పల్లీ పట్టీ, నువ్వుల ఉండలు, జంతికలు చేసి డబ్బాలో ఉంచితే సగం గొడవ తీరుతుంది.

ఈదీ ఇచ్చేటప్పుడు ఒక మాట కూడా ఇవ్వండి. ఇందులో కొంత నీది, కొంత దాచుకునేది, కొంత లేని పిల్లవాడిది అని పంచి చూపండి. తన అయిదు రూపాయలతో ఇంకొకరి ఆకలి తీరడం చూసిన బిడ్డ, రొట్టెను వీధిలో పారేయడానికి చేతులాడక ఆగిపోతాడు. అల్లాహ్ మన సంతానానికి హలాలైన రిజ్‌ఖ్‌ను, దాని విలువ తెలిసిన మనసును ప్రసాదించుగాక. ఆమీన్.