చిన్నపిల్లలతో వేసవి విడిది: అహోబిల యాత్రికులకు కొన్ని సూచనలు

వైశాఖ శుద్ధ చతుర్దశి శ్రీ నృసింహ జయంతి. సాయంసంధ్యా సమయమున స్వామి స్తంభమునుండి ఆవిర్భవించిన ఆ పుణ్యతిథి మండువేసవిలో వచ్చును. బడులకు సెలవులు కూడ ఆ దినములలోనే. అందుచేత నంద్యాల జిల్లాలోని అహోబిల క్షేత్రమునకు ఆ సమయమున పిల్లలను వెంటబెట్టుకొని వచ్చు కుటుంబములు అనేకములు. వారిలో కొందరు సత్రములలో దిగుదురు. మరికొందరు తెలిసినవారి తోటలలో గుడారములు వేసికొని, ఆరుబయట వండుకొని, రెండు మూడు రాత్రులు గడిపి పోవుదురు.

ఈ రెండవ పద్ధతి మంచిదే. పట్టణములలో పెరుగుచున్న పిల్లలకు నక్షత్రములు చూచుటయే అరుదైనది. అయితే పసివారితో ఆరుబయట బసచేయుట పెద్దలు తాము ఒంటరిగా చేయు యాత్రవంటిది కాదు. దానిని ఎట్లు నడుపుకొనవలెనో పెద్దల గ్రంథములను, నా అనుభవమును ఆధారముగా గొని ఇచట వివరించెదను. ఆ అనుభవములో నా పొరపాటొకటి కలదు. దానిని దాచక చెప్పుటయే పాఠకులకు మేలు.

విడిదికి తగిన స్థలము

వనమున నివాసము ఏర్పరచుకొను విధమునకు శ్రీమద్రామాయణముకంటె మంచి పాఠము లేదు. అరణ్యకాండలో పంచవటి చేరిన శ్రీరాముడు మొట్టమొదట చేసినపని స్థలనిర్ణయము. నీరు దగ్గర ఉండవలెను, నేల సమముగా ఉండవలెను, చెట్లు ఉండవలెను, సీతాదేవికి మనస్సు కుదురుకొనవలెను. ఇవి ఆయన చూచిన లక్షణములు. గోదావరి మరీ దూరము కాదు, మరీ సమీపమును కాదు అని మహర్షి ప్రత్యేకించి చెప్పినాడు. ఆ మాటలోని వివేకము గమనింపదగినది. నీరు దూరమైనచో మోయుటకు కష్టము. మరీ చేరువైనచో వరద భయము, నీటికై వచ్చు మృగముల భయము.

అహోబిలమున భవనాశిని వేసవిలో సన్నగిల్లును. ఎండిన వాగులోని ఇసుక మెత్తగా, చల్లగా ఉండి గుడారమునకు అనువుగా తోచును. అచట ఎన్నడును బసచేయరాదు. వేసవి సాయంకాలములలో కొండపై ఉరుములతో వాన కురిసినచో, మన నెత్తిన చినుకు పడకున్నను, వాగు నిండి రాగలదు. గట్టున, మెరక నేలపై, ఎండుకొమ్మలు లేని చెట్టు నీడన దిగవలెను. చెట్టుకు తేనెపట్టు ఉన్నదేమో తలయెత్తి చూడవలెను. తేనెపట్టున్న చెట్టు క్రింద పొయ్యి రాజేయుట ప్రమాదకరము.

నల్లమల పులులకును, ఎలుగుబంట్లకును ఆలవాలము. అడవి లోపల ఇచ్ఛానుసారముగా గుడారము వేయుట నిషిద్ధము. ఊరికి చేరువనున్న తోటగాని, సత్రపు ఆవరణముగాని, అటవీశాఖవారు అనుమతించిన బసగాని మాత్రమే పిల్లలకు తగినది.

రాత్రి జాగ్రత్త

గుహుని ఊరికి చేరువ గంగాతీరమున సీతారాములు చెట్టు క్రింద నిదురించిన రాత్రి లక్ష్మణుడు కన్ను మూయలేదు. పిల్లలున్న విడిదిలో అట్టివాడు ఒకడు కావలెను. పెద్దలు వంతులవారీగా మేల్కొనుట మేలు. పిల్లలను నేలపై గాక నులకమంచముపై దోమతెర కట్టి పరుండబెట్టవలెను. చీకటిలో అడుగు వేయునపుడు టార్చిలైటు తప్పనిసరి. ఉదయమున చెప్పులను, బూట్లను దులిపిన పిదపనే తొడగవలెను. తేళ్ళు వానిలో దూరుట సాధారణము.

దైవవశమున పాము కరచినచో గాటు పెట్టరాదు, నోటితో పీల్చరాదు, బిగించి కట్టరాదు. కరచిన అవయవమును కదలనీయక 108 వాహనమును పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను. మంత్రముపై నమ్మకము గలవారు దారిలో జపించుకొనవచ్చును. ప్రయాణము మాత్రము ఆపరాదు.

ఆహారము, నీరు

పిల్లలకు అలవాటైన ఆహారమునే పెట్టవలెను. అటుకులు, పేలాలు, సత్తుపిండి, బెల్లము, అరటిపండ్లు ఎండకు చెడవు. దద్ధ్యోదనము రుచికరమేగాని మధ్యాహ్నము దాటిన పిదప పిల్లలకు పెట్టరాదు. పులిహోరను ఆ పూటకే వండుకొనవలెను. స్వామికి నివేదించు పానకము, వడపప్పు, నీరుమజ్జిగ వేసవికి పెద్దలు ఏర్పరచిన ఔషధములే అనదగును. వాగునీరు ఎంత తేటగా కనబడినను కాచి చల్లార్చక త్రాగింపరాదు. కోతుల బెడద అధికము కనుక ఆహారపు సంచులను పిల్లల చేతికీయరాదు. వాటికై కోతి పిల్లవానిపైకి దూకును.

నా పొరపాటు

రెండేండ్ల క్రిందట జయంతికి మూడు దినములు ముందుగా మేము అహోబిలము చేరితిమి. నేను, నా ధర్మపత్ని, కుమారుడు, కోడలు, ఏడేండ్ల మనుమరాలు, నాలుగేండ్ల మనుమడు. పరిచితుడైన ఒక రైతు మామిడితోటలో రెండు గుడారములు వేసికొంటిమి. మొదటి రాత్రి ఆనందముగా గడచెను. మనుమరాలు స్వాతి నక్షత్రమును గుర్తుపట్టెను. అది స్వామి జన్మనక్షత్రమని చెప్పగా మరల మరల దానినే చూచుచుండెను.

మనుమడు శైశవమున జబ్బుపడినపుడు, వానిని జ్వాలానృసింహుని సన్నిధికి నడిపించి తెత్తునని నేను మ్రొక్కుకొంటిని. మరునాడు ఆ మ్రొక్కు తీర్చ నిశ్చయించితిని. దర్శనమైన పిదపనే ఆహారమని చెప్పి, వానికి ఉదయము పాలు తప్ప మరేమియు పెట్టనీయలేదు. బయలుదేరునప్పటికి పది గంటలు దాటెను.

“మామయ్యగారూ, ఎండ ముదిరిపోయిందండీ. రేపు పొద్దున్నే వెళ్దాం,” అని కోడలు మెల్లగా అనెను.

“స్వామి కార్యానికి ఎండ అడ్డమా అమ్మా?” అంటిని. ఆమె మరి మాటాడలేదు.

ఎగువ అహోబిలమునుండి జ్వాలానృసింహుని గుడికి పోవు మార్గము రాళ్ళమయము. పైనుండి ఎండ, క్రిందినుండి బండల వేడి. కొంతదూరము మనుమడు ఉత్సాహముగా నడచెను. పిదప “తాతా, ఇంకెంత దూరం?” అని అడుగసాగెను. ఆపైన అడుగుట మానెను. అలసినాడని తలచితినేగాని, మాటలుడిగినాడని గ్రహింపలేకపోతిని. ఒక మలుపున కూర్చుండిపోయి ఏడువసాగెను. నేను వానిని లేపి నిలువబెట్ట ప్రయత్నించుచుండగా, పైనుండి దిగివచ్చుచున్న ఒక చెంచు వృద్ధుడు ఆగి వాని ముఖము చూచి ఇట్లనెను:

“సామీ, బిడ్డ ఏడుస్తాండాడు గానీ కంట నీళ్ళు రాలేదు. ముందు నీడకు పట్టండి.”

నేను చూడని దానిని ఆయన చూచెను. వాని పెదవులు ఎండి ఉండెను. ఒళ్ళు కాలుచుండెను. ఆయన తన తువాలును తడిపి వాని మెడకు, చంకలకు అద్దెను. నా కుమారుడు వానిని భుజమున వేసికొని దిగిపోయెను. ఆసుపత్రిలో వైద్యుడు, ఇంకొక గంట ఆలస్యమైనచో పరిస్థితి వేరుగా ఉండెడిదనెను. సాయంకాలమునకు వాడు తేరుకొని మజ్జిగ అడిగెను. ఆ చెంచు వృద్ధుని పేరైనను అడుగలేకపోతిని. చెంచులక్ష్మిని చేపట్టిన స్వామిని తమ అల్లునిగా భావించు జాతివాడాయన. అల్లుని ఇంటికి వచ్చిన అతిథి బిడ్డను కాపాడెనని తలచి మనస్సులోనే నమస్కరించుచుందును.

పసివారికి ఎండ త్వరగా తగులుటకు కారణము

తరువాత వైద్యుని అడిగి తెలిసికొన్న సంగతులివి. బరువుతో పోల్చినచో పసివాని చర్మపు వైశాల్యము పెద్దవానికంటె ఎక్కువ. అందుచేత వెలుపలి వేడి త్వరగా లోనికి చేరును. చెమట పట్టి ఒళ్ళు చల్లబడుటయు వారికి తక్కువ. ఆటలో, నడకలో పడినచో దప్పికయైనదని తామై చెప్పరు. కావున అడుగకున్నను కొంచెము కొంచెముగా నీరు త్రాగించుచుండవలెను.

గమనింపవలసిన గుర్తులు: నోరు ఎండుట, ఏడ్చినను కన్నీరు రాకుండుట, చాలసేపు మూత్రము రాకుండుట, మాట తగ్గి మగతగా ఉండుట. వీనిలో ఏదైన కనబడినచో అచ్చటనే ఆగి, నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో తుడుచుచు విసరవలెను. తెలివి ఉన్నచో గ్రుక్కెడు గ్రుక్కెడుగా ఓఆర్ఎస్ నీరు పట్టవలెను. పొట్లము లేనిచో 1 లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపవచ్చును. చెంచా చిన్నదై ఉండవలెను, తలగొట్టి కొలువవలెను. ఆ నీరు ఒక దినము దాటినచో పారబోయవలెను. తెలివి తప్పినచో నోట ఏమియు పోయరాదు. తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

పిల్లలకు అనువైన దర్శనములు

నవనారసింహ క్షేత్రములన్నియు ఒకే యాత్రలో చూడవలెనను నియమము లేదు. పసివారున్నచో దిగువ అహోబిలమున ప్రహ్లాదవరద స్వామిని, ఛత్రవట, యోగానంద, కారంజ నృసింహులను, ఎగువ అహోబిల స్వామిని దర్శించుట సుకరము. ఇవి వాహనము పోగల తావులు. ఛత్రవటమున స్వామి గంధర్వుల గానమును విని సంతోషించెనని స్థలపురాణము. పిల్లలచేత ఒక కీర్తన పాడింపవచ్చును. కారంజమున కానుగచెట్టును చూపవచ్చును. యోగానందమున స్వామియే ప్రహ్లాదునికి యోగము నేర్పెనని చెప్పుదురు. జ్వాల, మాలోల, పావన క్షేత్రముల నడక పిల్లలు ఎదిగిన పిదప చేయదగినది. ఉగ్రస్తంభము పసివారికి ఎంతమాత్రము తగదు. వేసవిలో ఏ దర్శనమైనను ఉదయము తొమ్మిది గంటలలోపున, లేదా సూర్యుడు వాలిన పిదప.

ఉపవాసము, మ్రొక్కు

ఏకాదశి ఉపవాసమునకు ఎనిమిదేండ్లు నిండని శిశువును, ఎనుబదేండ్లు నిండిన వృద్ధుని ధర్మశాస్త్రము విధినుండి తప్పించినది. నలుబదేండ్లు విద్యార్థులకు ఈ నియమమును బోధించిన నేను, నాలుగేండ్ల మనుమని పస్తుంచి ఎండలో నడిపించితిని. చదివినది నాలుకపై ఉండెను, చేతికి దిగలేదు.

ఆ రాత్రి గుడారములో మనుమరాలు నన్నడిగెను: “తాతా, మనం గుడికి రాలేదని స్వామికి కోపం వస్తుందా?”

సమాధానము వెంటనే తోచలేదు. పిదప దానికి భాగవత సప్తమ స్కంధములోని కథ చెప్పితిని. హిరణ్యకశిపుని సంహరించిన తరువాత స్వామి ఉగ్రము చల్లారలేదు. బ్రహ్మాదులు స్తుతించిరి, ఫలింపలేదు. లక్ష్మీదేవియే దరిజేర వెరచెను. అప్పుడు బ్రహ్మ పంపగా బాలుడైన ప్రహ్లాదుడు పోయి పాదములపై వ్రాలెను. తండ్రి సైతము ఐదేండ్లవాడని చెప్పిన ఆ పసివానిని స్వామి లేవనెత్తి శిరస్సుపై చేయి ఉంచెను. పిల్లవానిని హింసించిన వానిపై కోపించిన స్వామి, పిల్లవానిని నీడకు చేర్చినందుకు కోపింపడు. ఈ కథను వందసార్లు పురాణముగా చెప్పియుంటిని. ఆ రాత్రి చెప్పునపుడు గొంతు పట్టువిడిచెను.

మ్రొక్కు విషయమున నేను గ్రహించినది ఇది: మ్రొక్కుకొన్నవాడు మ్రొక్కు భారము తానే మోయవలెను. పసివాని నోట రాని మాటకు పసివాని కాళ్ళను బద్ధము చేయరాదు. మరునాడు దిగువ సన్నిధిలో ప్రహ్లాదవరదునికి మనుమని ఎత్తుకొని చూపి, జరిగినది విన్నవించుకొంటిని. ఆ సంవత్సరమే మార్గశిరమున, చలి దినములలో, నేనొక్కడనే జ్వాలకు నడచి నా మాట చెల్లించుకొంటిని. వాడు పెద్దవాడై తానుగా కోరినపుడు నడచును. అప్పుడు ఆ నడక వానిది.

మొన్న సెలవులలో అందరము మరల ఆ తోటకే పోయితిమి. ఓఆర్ఎస్ పొట్లములను సంచిలో మొదట పెట్టినవాడను నేనే. బయలుదేరు వేళను నిర్ణయించు బాధ్యతను మాత్రము కోడలికి అప్పగించితిని.

యాత్రికులందరు పిల్లాపాపలతో సుఖముగా వచ్చి, స్వామిని సేవించి, క్షేమముగా ఇండ్లకు చేరుదురుగాక.

శుభం భూయాత్.