మిజోరం పాలనలో చర్చి పాత్ర ఎంత?

2023 డిసెంబరు 3న తెలంగాణతో పాటు మరో మూడు రాష్ట్రాల శాసనసభ ఎన్నికల ఓట్లను లెక్కించారు. మిజోరంలో మాత్రం లెక్కింపు మరునాడు జరిగింది. తొలుత అన్ని రాష్ట్రాలకూ ఒకే తేదీ ఖరారైంది. అయితే అది ఆదివారం. క్రైస్తవులు అధికంగా ఉన్న తమ రాష్ట్రంలో ఆ రోజుకు ప్రత్యేకత ఉందని పలు వర్గాలు విన్నవించడంతో ఎన్నికల సంఘం మిజోరం వరకు తేదీని మార్చింది.

2011 జనగణన ప్రకారం ఆ రాష్ట్ర జనాభాలో క్రైస్తవులు దాదాపు 87 శాతం. 1894లో అక్కడికి చేరిన మిషనరీలు మిజో భాషకు రోమన్ లిపిని కూర్చారు. ఆ విధంగా చదువు, విశ్వాసం కలిసి వ్యాపించాయి. నేటికీ ప్రజాజీవితంలో చర్చి మాటకు విలువ ఉంది. చర్చిల చొరవతో 2006లో ఏర్పడిన మిజోరం పీపుల్స్ ఫోరం ఎన్నికల ప్రచారానికి నియమావళి రూపొందించి, అభ్యర్థులను ఒకే వేదికపైకి తెస్తోంది. దాని నియమాలకు చట్టబలం లేదు. ప్రజాభిప్రాయమే వాటికి బలం.

నైతికత చట్టరూపం దాల్చినప్పుడు మాత్రం చిక్కులు మొదలవుతాయి. మద్యనిషేధమే ఇందుకు నిదర్శనం. చర్చిల ఒత్తిడితో 1995లో చేసిన సంపూర్ణ మద్యనిషేధ చట్టం 1997లో అమలులోకి వచ్చింది. 2014లో నాటి కాంగ్రెస్ ప్రభుత్వం దాని స్థానంలో నియంత్రిత విక్రయాలను అనుమతించే చట్టం తెచ్చింది. 2019లో మిజో నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వం నిషేధాన్ని పునరుద్ధరించింది. నిషేధం కుటుంబాలను కాపాడుతుందని సమర్థకులు వాదిస్తారు. దొంగచాటు వ్యాపారం, కల్తీ సారా పెరుగుతాయని, ఖజానాకు రాబడి తగ్గుతుందని విమర్శకులు బదులిస్తారు.

రాజ్యాంగం ఈ విషయంలో ఏమి చెబుతోంది? మిజోల మత, సామాజిక ఆచారాలకు సంబంధించి పార్లమెంటు చేసే చట్టాలు ఆ రాష్ట్ర శాసనసభ తీర్మానిస్తేనే అక్కడ వర్తిస్తాయని 371-జి అధికరణ పేర్కొంటోంది. అంతేగాని, అది చర్చికి శాసనాధికారం ఇవ్వలేదు. మత్తుపానీయాల నిషేధానికి ప్రభుత్వాలు కృషి చేయాలని సూచించే 47వ అధికరణకు ప్రజారోగ్యమే ప్రాతిపదిక, మతం కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు రగిలించిన సారా వ్యతిరేకోద్యమం దరిమిలా 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విధించిన మద్యనిషేధం కూడా అదే అధికరణకు అనుగుణమైనది. అది 1997లో సడలిపోయింది.

మిజోరంలో చక్మాలు తదితర బౌద్ధులు సుమారు 8.5 శాతం ఉన్నారు. చర్చి బోధ క్రైస్తవులకు వర్తిస్తుంది. చట్టం వీరికీ వర్తిస్తుంది. అందువల్ల ఒక చట్టానికి విశ్వాసం ప్రేరణ కావచ్చు గాని, ఆ విశ్వాసం లేని పౌరుడు సైతం తూచి చూడగల కారణాన్ని చెప్పవలసిన బాధ్యత మాత్రం శాసనసభదే.