మాంద్యం వేళ మాస్టారి కొలువు, మదుపు చేసిన స్థలం

కృష్ణా జిల్లాలో పాతుకుపోయిన రెండు నమ్మకాలు ఎంతవరకు నిజం?

అవనిగడ్డ, విజయవాడ: ఆర్థిక మాంద్యం అనే మాట పత్రికల మొదటి పేజీకి ఎక్కిన ప్రతిసారీ కృష్ణా జిల్లా పల్లెల్లో రచ్చబండల వద్ద, పట్టణాల్లో టీ దుకాణాల వద్ద రెండు మాటలు తప్పక వినిపిస్తాయి. సర్కారు బడి పంతులు ఉద్యోగానికి ఢోకా లేదన్నది ఒకటి. భూమి ధర ఎన్నటికీ పడిపోదన్నది రెండోది. పిల్లవాణ్ని ఏ చదువులో చేర్పించాలి, అమ్మాయికి ఎటువంటి సంబంధం చూడాలి, పంట అమ్మగా మిగిలిన సొమ్ము ఎక్కడ పెట్టాలి అనే నిర్ణయాలు చాలా కుటుంబాల్లో ఈ రెండు నమ్మకాల మీదే సాగుతుంటాయి. 2008 నుంచి ఇక్కడి ప్రజలు మూడు పర్యాయాలు గడ్డుకాలాన్ని చవిచూశారు. 2008-09లో అమెరికా నుంచి పాకిన మాంద్యం మొదటిది. 2019లో రాజధానిపై తలెత్తిన అనిశ్చితి, ఆ వెంటనే 2020లో కరోనా తర్వాతివి. ఆ మూడు సందర్భాలనూ పరిశీలిస్తే రెండు నమ్మకాలూ సగమే నిజమని తేలుతోంది. కొలువులో కుదురుకున్నవారికి, అప్పు లేని స్థలం ఉన్నవారికి అవి నిజమే. కొలువు కోసం ఎదురుచూసేవారికి, అప్పు చేసి స్థలం కొన్నవారికి మాత్రం లెక్క వేరు.

అమెరికాలో పిడుగు

2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా ప్రకటించింది. పిల్లలను సాఫ్ట్‌వేర్ కొలువులకు పంపిన ఈ జిల్లా కుటుంబాలకు దాని సెగ తగలడానికి ఎన్నో రోజులు పట్టలేదు. ప్రాంగణ ఎంపికల్లో నెగ్గిన విద్యార్థులకు చేరిక తేదీలు వాయిదా పడ్డాయి. ఉద్యోగంలో ఉన్నవారు ప్రాజెక్టు లేక ఖాళీగా కూర్చోవలసి వచ్చింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి లెక్కల్లో మోసం జరిగిందని స్వయంగా అంగీకరించడంతో యాభై వేల పైచిలుకు ఉద్యోగుల భవిష్యత్తు అయోమయంలో పడింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ సంస్థను దక్కించుకునే వరకూ ఆ ఇళ్లలో నిద్ర లేదు.

2008 ఆరంభంలో నలభై రూపాయలకు అటూఇటూ ఉన్న డాలరు 2009 మార్చి నాటికి యాభై దాటింది. అమెరికాలో జీతం అందుకుంటున్నవారు ఇంటికి పంపే సొమ్ము రూపాయల్లో ఆ మేరకు పెరిగిందన్నమాట. అయినా స్థలాల కొనుగోళ్లు ఊపందుకోలేదు. రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి డాలరు విలువ చూసి ప్లాటు కొనడు కదా!

ఉద్యోగాలు పోయిన ఇంజినీర్లంతా టీచరు పోస్టులకు ఎగబడ్డారని అప్పట్లో చెప్పుకొనేవారు. అది పూర్తిగా సరికాదు. నాటి నిబంధనల ప్రకారం బీటెక్ చదివినవారికి బీఎడ్‌లో ప్రవేశమే లేదు. 2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి కొత్త నిబంధనలు తెచ్చాకే వారికి ఆ తలుపు తెరుచుకుంది. 2008లో డీఎస్సీ వైపు మళ్లినవారు డిగ్రీ తర్వాత బీఎడ్ చేసి, ఆపై కంప్యూటర్ కోర్సుల బాట పట్టినవారు. ఇంజినీర్లు ఆశ్రయించింది ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలను, ఇంటర్మీడియట్ కార్పొరేట్ కళాశాలలను. బోధన రుసుముల చెల్లింపు పథకం ఊతంతో ఇంజినీరింగ్ కళాశాలలు ఇబ్బడిముబ్బడిగా పెరుగుతున్న కాలం కావడంతో వారికి అక్కడ తలదాచుకునే చోటు దొరికింది.

ప్రకటన వస్తేనే కొలువు

ప్రభుత్వ ఉపాధ్యాయుడికి జీతం ఆగదన్న మాట అటుంచి, ఆ కొలువు దక్కడం ఎలాగన్నదే అసలు ప్రశ్న. ఇందుకు జవాబు వెదికేవారు చేరుకునే ఊరు అవనిగడ్డ. దివిసీమలోని ఈ చిన్న పట్టణం డీఎస్సీ శిక్షణకు పెట్టింది పేరు. ప్రకటన వస్తుందన్న వార్త పొక్కితే చాలు, పలు జిల్లాల నుంచి అభ్యర్థులు పెట్టెబేడాతో దిగుతారు. మేడ మీద గదులు, ఇంటి ముందరి వసారాలు అద్దెకు పోతాయి. మెస్‌లు, జిరాక్స్ దుకాణాలు అర్ధరాత్రి వరకు కిటకిటలాడతాయి. బయట మాంద్యం ఉన్నా ఇక్కడ గది దొరకదు. బయట పనులు దండిగా ఉన్నా ప్రకటన లేకపోతే ఇక్కడ గదులు ఖాళీయే. ఈ ఊరి అద్దెలను శాసించేది విజయవాడ మార్కెట్ కాదు, సర్కారు ప్రకటన.

ఆ ప్రకటన ఎప్పుడు వస్తుందో అభ్యర్థి చేతిలో లేదు. 2008 డిసెంబరులో భారీ డీఎస్సీ వెలువడినప్పుడు నిరుద్యోగుల ఆనందానికి హద్దు లేదు. సెకండరీ గ్రేడ్ పోస్టుల్లో 30 శాతం డీఎడ్ అభ్యర్థులకు ప్రత్యేకిస్తూ తర్వాత వెలువడిన ఉత్తర్వుతో వివాదం రేగింది. డీఎడ్, బీఎడ్ అభ్యర్థులు రెండు వర్గాలుగా విడిపోయి న్యాయస్థానాల మెట్లెక్కారు. ఆ చిక్కులో పడి కొలువు కోల్పోయిన బీఎడ్ అభ్యర్థులను కాంట్రాక్టు పద్ధతిలో, కనీస వేతన స్కేలుపై తీసుకునేందుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో అంగీకరించింది. పాతికేళ్ల వయసులో పరీక్ష రాసినవారు నలభైకి చేరువయ్యారు. ఈ మధ్యకాలంలో వారు ఏ పని చేశారు, ఇల్లెలా గడిచింది అన్నది ఏ ఉత్తర్వులోనూ కనిపించదు.

తర్వాతి కథా అంతే. 2018లో 7,902 పోస్టులకు డీఎస్సీ జరిగింది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ప్రకటన వచ్చి రద్దయింది. చివరకు 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వెలువడింది. మూడు లక్షల ముప్పై వేల మందికి పైగా దరఖాస్తు చేశారు. అంటే ఒక్కో పోస్టుకు సగటున ఇరవై మంది. స్థానికులకు 80 శాతం పోస్టులు దక్కే విధానం కనుక సొంత జిల్లాలో ఖాళీలెన్ని అన్నదే అభ్యర్థికి ప్రాణం. ఉమ్మడి కర్నూలుకు 2,645 పోస్టులు రాగా ఉమ్మడి కృష్ణాకు 1,208 మాత్రమే దక్కాయి. ఓపెన్ కేటగిరీ గరిష్ఠ వయోపరిమితిని 44 ఏళ్లుగా నిర్ణయించడం ఈ ఎదురుచూపు ఎంత సుదీర్ఘమైనదో చెప్పకనే చెబుతోంది. ఈలోగా 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతుల బోధనకు బీఎడ్ అర్హత చెల్లదని తీర్పు చెప్పింది. అంగలూరు డైట్ వంటి చోట్ల డీఎడ్ చదివినవారికి అది ఊరటనివ్వగా, ఎస్‌జీటీ పోస్టులపై ఆశ పెట్టుకున్న బీఎడ్ అభ్యర్థులకు దారి మూసుకుపోయింది.

కొలువు దక్కినా పాత ధీమా లేదని చెప్పక తప్పదు. 2004 సెప్టెంబరు తర్వాత చేరినవారికి పాత పింఛను లేదు, వాటా చెల్లించే పింఛను పథకమే దిక్కు. జీపీఎఫ్ ఖాతా లేకపోవడంతో, పాత తరం మాస్టార్లు అందులోంచి తీసి ఇల్లు కట్టుకున్నట్లు వీరు కట్టుకోలేరు. 2020 మార్చి జీతాల్లో సగం వాయిదా వేస్తూ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చినప్పుడు సర్కారు జీతం ఆగదన్న నమ్మకానికే బీటలు వారాయి. ఆపిన సొమ్మును వడ్డీతో చెల్లించాలన్న హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2021లో సమర్థించింది. వడ్డీని మాత్రం ఆరు శాతానికి తగ్గించింది.

ఆ కష్టమైనా ప్రభుత్వ ఉపాధ్యాయులకు తాత్కాలికమే. అదే పాఠం చెప్పే ప్రైవేటు ఉపాధ్యాయుల పరిస్థితి మరీ దయనీయం. 2020 మార్చిలో బడులు మూతపడటంతో ఎందరికో జీతాలు పూర్తిగా నిలిచిపోయాయి. కూరగాయల బండ్లు పెట్టినవారు, ఉపాధి హామీ పనులకు వెళ్లినవారు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపించారు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి వారికి నెలకు రెండు వేల రూపాయలు, పాతిక కిలోల బియ్యం ఇవ్వవలసి వచ్చిందంటే తీవ్రతను ఊహించవచ్చు. టీచరు ఉద్యోగానికి మాంద్యం లేదనేవారు ఏ టీచరు గురించి మాట్లాడుతున్నారో ముందుగా చెప్పుకోవలసి ఉంటుంది.

ధర పడదు, కొనేవారుండరు

ఇక భూమి సంగతి. విజయవాడ పరిసరాల్లో స్థలం ధర పడిపోయిందని ఎవరూ ఒప్పుకోరు. కదలిక లేదంటారు, బేరం కుదరలేదంటారు. ఇందుకు కారణం లేకపోలేదు. పడిన ధరకు అమ్మితే పక్క ప్లాట్ల విలువా పడుతుంది కనుక ఇరుగుపొరుగు అమ్మనివ్వరు. యజమానీ మొండికేస్తాడు. ధర మాటల్లో అలాగే ఉంటుంది, లావాదేవీలు మాత్రం ఆగిపోతాయి.

ఊపు మీదున్నప్పుడు స్థలాలు రిజిస్ట్రేషన్ దాకా రావు. బయానా ఇచ్చి, మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకున్న వ్యక్తి గడువు లోపే లాభానికి మరొకరికి బదలాయిస్తాడు. ఆ కాగితం అలా చేతులు మారుతూ పోతుంది. మాంద్యం వచ్చిన రోజున అది ఎవరి చేతిలో ఉంటే వారు మునిగినట్లే. మిగతా సొమ్ము కట్టలేరు, కట్టకపోతే బయానా దక్కదు.

2014లో రాష్ట్ర విభజన, 2015లో అమరావతి భూసమీకరణతో కృష్ణా నదికి ఇవతల గన్నవరం, కంకిపాడు, ఇబ్రహీంపట్నం వైపూ భూములు బంగారమయ్యాయి. 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల ప్రస్తావన రాగానే ఆ సందడి చల్లారింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక మళ్లీ కదలిక వచ్చింది. భూమి ఎన్నటికైనా పెరిగేదే అనడానికి కొందరు దీన్నే ఉదాహరణగా చూపుతారు. మధ్యలో గడిచిన నాలుగున్నరేళ్లను మాత్రం లెక్కలోకి తీసుకోరు. నూటికి రూపాయిన్నర వడ్డీకి పది లక్షలు తెచ్చి స్థలం కొన్న వ్యక్తికి నెలకు వడ్డీ పదిహేను వేలు. అయిదేళ్లకు తొమ్మిది లక్షలు. పది లక్షల స్థలాన్ని అయిదేళ్ల తర్వాత పంతొమ్మిది లక్షలకు అమ్మితేనే అసలు చేతికొచ్చినట్లు. ధర పడలేదన్న మాట వారికి ఏ విధంగానూ అక్కరకు రాదు.

స్థలం కదలకపోతే ఇల్లు కట్టరు, ఇల్లు కట్టకపోతే అడ్డా మీద కూలీకి పని లేదు. 2019లో ఒకవైపు రాజధాని పనులు నిలిచిపోగా, మరోవైపు కృష్ణా వరదలతో ఇసుక కొరత తీవ్రమైంది. ఉదయం ఏడింటికి క్యారేజీతో అడ్డాకు వచ్చిన తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ కార్మికులు పది దాటాక అదే క్యారేజీతో వెనుదిరిగిన రోజులవి. భూమి మీద పెట్టిన నమ్మకం గురించి మాట్లాడేటప్పుడు వీరి ప్రస్తావన రావడం అరుదు.

వాయిదా మారదు, గడువు పెరుగుతుంది

ఉపాధ్యాయ కొలువు, ఇంటి ధర కలిసే చోటు బ్యాంకు. నెలనెలా ఖాతాలో పడే జీతం చూసి బ్యాంకులు మాస్టార్లకు సులువుగా గృహరుణం ఇస్తాయి. భార్యాభర్తలిద్దరూ టీచర్లయితే మరీ సులువు. అయితే చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. పది శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు తీసుకున్న ఇరవై లక్షల అప్పుకు నెలసరి వాయిదా సుమారు 19,300 రూపాయలు. వడ్డీ పదకొండు శాతానికి పెరిగినప్పుడు బ్యాంకులు సాధారణంగా వాయిదాను పెంచవు, గడువును పొడిగిస్తాయి. ఆ ఒక్క శాతానికే ఇరవై ఏళ్ల అప్పు ఇరవై ఏడేళ్లు దాటుతుంది. మాంద్యానికి ముందు 2008 జులైలో రిజర్వు బ్యాంకు రెపో రేటును తొమ్మిది శాతానికి చేర్చినప్పుడు ఎందరికో జరిగింది ఇదే. 2009 ఏప్రిల్ నాటికి ఆ రేటు 4.75 శాతానికి దిగినా, పాత రుణగ్రహీతలకు ఆ మేలు అదే వేగంతో చేరలేదు.

ముప్పై అయిదేళ్ల వయసులో అటువంటి అప్పు తీసుకున్న ఉపాధ్యాయుడు అరవై రెండేళ్లు నిండాక కూడా వాయిదా కట్టాలి. 2008లో పదవీ విరమణ వయసు 58. రాష్ట్రంలో అది 2014లో 60కి, 2022లో 62కి పెరగడంతో అప్పు ఉన్నవారు ఊపిరి పీల్చుకున్నారు. అవనిగడ్డ గదుల్లో పుస్తకాలు పట్టుకున్నవారికి మాత్రం విరమణ వయసు పెరిగిన ప్రతిసారీ ఖాళీ కావలసిన కుర్చీ మరో రెండేళ్లు ఖాళీ కాలేదు.