ఆకు చెప్పిన సాక్ష్యం

విద్యార్థులారా! నల్లపాడు చుట్టుపక్కల చేల మధ్య పెరిగిన మీకు మిరపాకేదో, పత్తాకేదో దూరం నుంచే తెలిసిపోతుంది. కాని పువ్వూ లేక, కాయా లేక, రాతిమీద ఆకు అచ్చు ఒక్కటే కనిపిస్తే? అది ఏ మొక్కదో చెప్పగలరా?

అటువంటి అచ్చులు మనకు దగ్గరలోనే ఉన్నాయి. ఒంగోలు ప్రాంతంలోని వేమవరం దగ్గర పలకలుగా విడిపోయే మట్టిరాతి పొరలున్నాయి. 1870ల్లో బ్రూస్ ఫూట్ ఈ రాళ్ళను పరిశీలించాడు. వాటిలోని మొక్కల శిలాజాలను 1879లో ఫైస్ట్‌మాంటెల్ వర్ణించాడు. ఇవి సుమారు 12, 13 కోట్ల సంవత్సరాల నాటివి. వీటిలో ముఖ్యమైనది టిలోఫిల్లం.

ఈ పేరుకు ‘ఈక వంటి ఆకు’ అని అర్థం. నడిమి ఈనెకు రెండు వైపులా సన్నని పత్రకాలు వరుసగా ఉంటాయి. వాటి మొదళ్ళు ఈనె పైభాగానికి అంటుకొని, దానిని కొంత కప్పేస్తాయి. ఒక్కొక్క పత్రకంలో చిన్న ఈనెలు సమాంతరంగా సాగుతాయి. చూడగానే తోటల్లో పెంచే సైకస్ గుర్తుకు వస్తుంది. అందుకే తొలి శాస్త్రజ్ఞులు దీనిని సైకస్ కుటుంబంలో చేర్చారు.

అది సరి కాదని ఎలా తెలిసింది? ఆకు పైపొర అయిన అవభాసిని కొన్ని శిలాజాలలో చెడకుండా మిగులుతుంది. రసాయనాలతో దానిని వేరుచేసి సూక్ష్మదర్శినిలో చూడవచ్చు. 1913లో థామస్, బాన్‌క్రాఫ్ట్ అనే ఇద్దరు ఇలాగే పత్రరంధ్రాలను పోల్చి చూశారు. సైకస్‌లో రక్షక కణాలు ఒక తల్లికణం నుంచి, వాటి చుట్టూ ఉన్న అనుబంధ కణాలు వేరే కణాల నుంచి వస్తాయి. టిలోఫిల్లం వర్గంలోనో, రక్షక కణాలూ, వాటికి రెండు పక్కలా ఉండే అనుబంధ కణాలూ ఒకే తల్లికణం బిడ్డలు! రూపం ఒకటే అయినా వంశాలు వేరు. ఈ వర్గమే బెన్నెటిటేలిస్.

మరి దీని కాండం, పువ్వు ఏవి? విడివిడిగా దొరికిన భాగాలకు శాస్త్రజ్ఞులు వేర్వేరు పేర్లు పెట్టారు: కాండం బక్‌లాండియా, పువ్వు విలియంసోనియా. రాజమహల్ కొండల శిలాజాలను పరిశీలించిన బీర్బల్ సాహ్ని 1932లో ఇవన్నీ ఒకే మొక్క భాగాలని చూపించి, పూర్తి రూపాన్ని గీశాడు. రాలిన ఆకుల మొదళ్ళతో నిండిన బొద్దు కాండం, తలపై ఆకుల గొడుగు, పక్క కొమ్మల చివర పువ్వులు! ఈ వర్గంలో నేడు ఒక్క మొక్కైనా బతికి లేదు.

మీరూ ఒక పని చేయండి. మిరపాకు అడుగున రంగులేని గోళ్ళరంగు పలుచగా పూయండి. ఆరిన తరువాత అంటుకాగితంతో మెల్లగా ఒలిచి, మీ పాఠశాల సూక్ష్మదర్శినిలో చూడండి. తరువాత పత్తాకుతో చేయండి. రెండు బొమ్మలూ పక్కపక్కనే గీయండి. దూరం నుంచి గుర్తుపట్టిన ఆకులను ఈసారి దగ్గర నుంచి గుర్తుపట్టగలరేమో పరీక్షించుకోండి!