జపాన్ దీర్ఘకాలిక సంరక్షణ బీమా

వార్ధక్యం వలన తమ పనులు తాము చేసుకోలేని వారికి సేవలందించడానికి జపాన్ దేశంలో అమలులో ఉన్న నిర్బంధ సామాజిక బీమా పథకాన్ని దీర్ఘకాలిక సంరక్షణ బీమా అంటారు. జపనీస్ భాషలో దీని పేరు "కైగో హోకెన్". ఇందుకు సంబంధించిన చట్టం 1997 డిసెంబరులో ఆమోదం పొంది, 2000 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. అంతవరకు కుటుంబ బాధ్యతగా, లేదా నిస్సహాయులకు ప్రభుత్వం చేసే సాయంగా ఉన్న వృద్ధుల సంరక్షణ, ఈ చట్టంతో బీమా రుసుము చెల్లించినవారి హక్కుగా మారింది.

నేపథ్యం

జపాన్ జనాభాలో 65 ఏళ్ళు, అంతకు పైబడినవారు 1970లో 7 శాతం ఉండగా, 1994 నాటికి 14 శాతం అయ్యారు. ఇదే మార్పుకు ఫ్రాన్స్‌లో 115 సంవత్సరాలు పట్టింది. 2023లో వీరు 29 శాతం ఉన్నారు.

1973లో ప్రభుత్వం 70 ఏళ్ళు పైబడినవారికి వైద్యాన్ని ఉచితం చేసింది. అయితే ఇంటివద్ద చూసుకునేవారు లేక, సంరక్షణ గృహాలలో చోటు దొరకక, చికిత్స అవసరం లేని వృద్ధులు కూడా నెలల తరబడి ఆసుపత్రులలోనే ఉండిపోసాగారు. దీనికి "సామాజిక ఆసుపత్రివాసం" అనే పేరు వచ్చింది. వ్యయం పెరగడంతో 1983లో ఉచిత వైద్యాన్ని రద్దు చేసి, వృద్ధుల నుండి కొంత రుసుము వసూలు చేయడం ప్రారంభించారు. ఇళ్ళలో సేవాభారం ఎక్కువగా భార్యలు, కోడళ్ళు, కుమార్తెలపై పడేది.

పనిచేసే విధానం

స్థానిక పురపాలక సంస్థలే బీమా నిర్వాహకులు. 40 ఏళ్ళు నిండినవారందరూ రుసుము చెల్లించాలి. 65 ఏళ్ళు దాటినవారికి కారణంతో నిమిత్తం లేకుండా సేవలు లభిస్తాయి. 40 - 64 ఏళ్ళవారికి వయస్సుతో ముడిపడిన నిర్దిష్ట వ్యాధులు ఉన్నప్పుడే లభిస్తాయి.

దరఖాస్తు చేసినవారి శారీరక, మానసిక స్థితిని ఇంటికి వచ్చి పరిశీలిస్తారు. ఆ వివరాలను కంప్యూటరు ద్వారా మదింపు చేసిన తరువాత, వైద్యుని అభిప్రాయాన్ని కూడా చూసి నిపుణుల సంఘం తుది నిర్ణయం తీసుకుంటుంది. ఆదాయం గాని, కుటుంబసభ్యుల సంఖ్య గాని ఇందులో లెక్కకు రావు. 2006 నుండి మొత్తం ఏడు స్థాయిలు ఉన్నాయి. స్థాయిని బట్టి నెలవారీ సేవల పరిమితి ఉంటుంది. ఏ సేవలు ఎప్పుడు కావాలో సంరక్షణ నిర్వాహకుని సహాయంతో నిర్ణయించుకోవచ్చు.

1995లో ప్రారంభమైన జర్మనీ పథకంలో సేవలకు బదులు నగదు తీసుకునే వీలుంది. జపాన్‌లో ఆ వీలు కల్పించలేదు. నగదు ఇస్తే కోడళ్ళు మళ్ళీ ఇంటి సేవకే పరిమితమవుతారన్న మహిళా సంఘాల వాదన ఇందుకు ఒక ముఖ్య కారణం.

నిధులు

వినియోగదారుడు సేవల ఖర్చులో 10 శాతం భరిస్తాడు. అధిక ఆదాయం గలవారికి 2015 నుండి 20 శాతం, మరింత అధిక ఆదాయం గలవారికి 2018 నుండి 30 శాతం వర్తిస్తున్నది. మిగిలిన ఖర్చులో సగం పన్నుల నుండి, సగం బీమా రుసుముల నుండి వస్తుంది.

సమస్యలు

సేవలకు అర్హత పొందినవారు 2000లో సుమారు 22 లక్షలు కాగా, ప్రస్తుతం 70 లక్షలకు పైగా ఉన్నారు. 65 ఏళ్ళు దాటినవారి సగటు నెలసరి రుసుము తొలి మూడేళ్ళలో 2,911 యెన్‌లు ఉండగా, 2024 - 26 కాలానికి 6,225 యెన్‌లకు చేరింది. ఈ మొత్తాన్ని చాలామందికి పింఛను నుండే మినహాయిస్తారు. ఖర్చు అదుపు కోసం 2005 అక్టోబరు నుండి సంరక్షణ గృహాలలో భోజన, వసతి ఖర్చులను నివాసులపై వేశారు. 2015 నుండి ప్రత్యేక సంరక్షణ గృహాలలో కొత్త ప్రవేశాలను సాధారణంగా మూడవ స్థాయి, ఆపైవారికే పరిమితం చేశారు.

నిధులకంటే మనుషుల కొరత మరింత క్లిష్టమైనది. జీతాలు తక్కువ, శ్రమ ఎక్కువ కావడం వలన ఈ వృత్తిలోకి వచ్చేవారు చాలడం లేదు. అందువలన 2008లో ఇండోనేషియాతో మొదలుపెట్టి, ఫిలిప్పీన్స్, వియత్నాంల నుండి కూడా సంరక్షకులను జపాన్ రప్పించుకుంటున్నది. నైపుణ్యం గల కార్మికుల విషయమై 2021లో భారతదేశంతో కుదిరిన ఒప్పందంలో వృద్ధుల సంరక్షణ కూడా ఉంది. సేవ పొందడం చట్టం ప్రకారం హక్కే అయినా, సేవ చేసేవారు దొరకనిచోట ఆ భారం తిరిగి కుటుంబంపైనే పడుతున్నది. తల్లిదండ్రులను చూసుకోవడానికి ఉద్యోగం మానుకునేవారు జపాన్‌లో ఇప్పటికీ ఉన్నారు.